పేరు రాయని కుండ

క్రిస్మస్ అయిన మర్నాడు మా ఆవిడ ఎలీసమ్మ కుండలన్నిటినీ పడుకోబెట్టించింది. అది ఏటా చేసే పనే. అంతకుముందు తనే నడుం వంచి ఒక్కొక్కదాన్నీ సావిడి గోడవారకి దొర్లించుకునేది. ఆ ఏడు తను నులకమంచం మీద కూర్చుని చెబుతుంటే నేను చేశాను.

"ఆకులు కొయ్యి మావా. మెడ జోలికెల్లకు, మెడకి కత్తి తగిల్తే దుంప సచ్చిపోద్ది. ఆఁ, అలగ. ఇప్పుడు పక్కకి ఒరగబెట్టు. వాన పడినా నీరు దిగకూడదు."

మొత్తం ఇరవైరెండు. పేరుకి కుండలే గానీ అందులో చిల్లులు పడ్డ గుండిగలున్నాయి, రంగు డబ్బాలున్నాయి, పిడి ఊడిన బకెట్లున్నాయి. ఒక్కోదాని మీద సున్నంతో ఒక్కో పేరు. రాహేలు. దానియేలు. సంతోషమ్మ. పుల్లయ్య మేస్త్రి. అన్నీ మా బాప్టిస్టు సంఘంలో పోయినవాళ్ళ పేర్లు. మా ఊళ్ళో ఎవరైనా పోతే, నెల తిరిగాక ఆ ఇంటివాళ్ళు పనికిరాని గిన్నె ఏదో ఒకటి తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్తారు. అడగరు, చెప్పరు. ఎలీసమ్మ పెద్ద దుంప పక్కన పుట్టిన పిల్లదుంపని విడదీసి అందులో నాటుతుంది. చూడ్డానికి ఉల్లిపాయలా ఉంటుంది. సరిగ్గా ఈస్టరుకి చెయ్యెడు కాడ లేచి, దాని కొసన ఎర్రటి గంటల్లాంటి పూలు విచ్చుకుంటాయి. ఆ తెల్లవారుజామున ఎవరి కుండ వాళ్ళు మోసుకెళ్ళి, సముద్రం వైపు సరుగుడు తోట పక్కనున్న సమాధుల దగ్గర పెట్టుకుంటారు. పూలు వాడాక కుండలు మళ్ళీ మా ఇంటికే వస్తాయి. ఈ పని వాళ్ళమ్మ చేసింది, వాళ్ళమ్మమ్మ చేసింది.

క్రిస్మస్ నుంచి రెండు నెలలు దుంపలకి నిద్ర. ఆ రెండు నెలలూ చుక్క నీరు తగలకూడదు. ఈస్టరు ఏ తేదీన పడిందో చూసి, అక్కణ్ణుంచి ఏడు ఆదివారాలు వెనక్కి లెక్కపెట్టి, ఆ ఆదివారం గుడి నుంచి వచ్చాక తలా ఒక చెంబు నీళ్ళు పోసి లేపుతుంది. ముందు పోస్తే ముందే పూసి రాలిపోతాయి. నిద్రలో పోస్తే కుళ్ళిపోతాయి.

"నానూ ఈ దుంపలూ ఒకటే అయిపోనాం," అంది ఎలీసమ్మ ఆ రోజు. "నీరు పోస్తే సచ్చిపోతాం."

తనకి కిడ్నీలు పోయి అప్పటికి ఏడాదిన్నర. మా ఉద్దానంలో ఇదొక ఇంటి సంగతి కాదు. మా వీధిలోనే నాలుగిళ్ళు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, శ్రీకాకుళంలో డయాలసిస్. రోజుకి అరలీటరు నీళ్ళే తాగాలన్నారు డాక్టరుగారు. మా అమ్మాయి మెర్సీ చిన్నప్పుడు పాలు తాగిన బుల్లి స్టీలు గ్లాసుని ఎలీసమ్మ అటక మీంచి దింపింది. దాంతో నాలుగు. ఒకటి పొద్దున్న మందులకి, ఒకటి అన్నం తిన్నాక, ఒకటి పొద్దుగూకే వేళ. నాలుగోది రోజంతా దాచుకునేది. మంచం కోడు పక్కన మూతపెట్టి ఉంచుకుని, మధ్య మధ్యలో మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసేది.

*

రైలు సంగతి చెప్పాలి. నౌపడలో తెల్లారి పాసింజరు ఎక్కితే ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పట్నం. ఆ బండిలో పలాస నుంచి వచ్చే తిరుమలరావు అనే ఆయన, తను కూర్చున్న సీటు పక్కన తువ్వాలు పరిచి ఎలీసమ్మకి చోటుంచేవాడు. ఆయనదీ అదే జబ్బు, అవే రోజులు. వరి పండించే రైతు. మొహమంతా ఉబ్బి ఉన్నా నవ్వు మానేవాడు కాదు.

"రా సెల్లీ, కూకో. రేవుకెల్దాం."

"రేవేటన్నా?"

"సాకిరేవు. మన నెత్తురు ఉతికించుకోడానికి ఎల్తన్నాం కాదా? నీది ఓపాలికే తెల్లగా అవుతాదేటో గానీ నాది ఎన్నిమార్లు బాదినా మురికే."

దాహమేసినప్పుడు బుగ్గన పెట్టుకోమని లవంగాలు ఇచ్చేవాడు. వాళ్ళిద్దరూ తాగకూడని నీళ్ళ గురించే మాట్లాడుకునేవారు. ఏ ఊరి నుయ్యి తీపి, ఏ బోరు చప్పన, కుండలో వట్టివేరు వేస్తే ఎలా ఉంటుంది. నేను కిటికీ దగ్గర నిలబడి వినేవాణ్ణి. నాకు మాటలు తక్కువ. వినడం మాత్రం వచ్చు.

జనవరి మొదటి శుక్రవారం ఆయన సీట్లో తువ్వాలు లేదు. మెడలో సంచీ వేసుకున్న ఎవరో కుర్రాడు కూర్చున్నాడు. మంగళవారం కూడా అంతే. ఆసుపత్రిలో ఆయన మంచం మీద వేరే మనిషి పడుకుని ఉన్నాడు. ఎలీసమ్మ ఎవర్నీ అడగలేదు. నేనూ అడగలేదు. తిరుగు బండిలో ఊర్లాం దాటాక బుగ్గలోంచి లవంగం తీసి కొంగున ముడేసుకుంది.

మర్నాడు నేను జీడితోటకి వెళ్ళి వచ్చేసరికి పెరట్లో కూర్చుని ఉంది. రాహేలు కుండలోంచి బాగా ఊరిన పిల్లదుంప ఒకటి విడదీసింది. పక్కన కొత్త కుండ. మా ఇంట్లో నీళ్ళు పోసుకునే కుండే, చిల్లి కూడా లేదు. మేకు పెట్టి తనే అడుగున చిల్లు కొట్టింది. పొడి ఇసుకమట్టిలో దుంప పెట్టి, మెడ పైకి ఉంచి, చుట్టూ వేళ్ళతో అదిమింది.

"తిరుమలరావుగారికా?" అన్నాను.

"ఆయనికి సమాదెక్కడిది? ఆళ్ళల్లో కాల్చీస్తారు కాదా." చేతులు దులుపుకుంది. "ఇది నాది."

నేను నిలబడిపోయాను. తను తల ఎత్తలేదు.

"నాను మళ్ళీ మళ్ళీ సెప్పను మావా, ఇను. ఇది మంచి ఊరిన దుంప. మిగతావాటితోపాటు ఈ ఈస్టరుకే పూస్తాది. అది పూసీదాకా నువ్వు రమ్మన్నప్పుడల్లా వస్తాను. సూదులు గుచ్చించుకుంటాను. పూసినాక ఇంక నన్ను రైలెక్కించకు. నా వల్ల కాదు. ఈ దాహంతో నా వల్ల కాదు."

"పేరు రాయలేదేం?" అన్నాను. నా నోటికి వచ్చింది అదొక్కటే.

"అది నువ్వు రాద్దువులే."

*

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చెప్పకుండా ఉండడం చేతవును. ఆ జనవరిలో నేను చేసింది అదే.

తను మధ్యాహ్నం ఇంత అన్నం తిని కళ్ళు మూసేది. ఆ వేళ నేను ఆ కొత్త కుండని ఒరిగించి, కొబ్బరిపీచు బంకమట్టిలో ముద్ద చేసి అడుగు చిల్లుకి బిగించాను. నలభై ఏళ్ళు గట్లకి గండ్లు పూడ్చిన చేతులు నావి. ఎక్కడా తడి చెమర్చలేదు. తర్వాత మూడు నాలుగు రోజులకోసారి అదే వేళకి ఒక చెంబు నీళ్ళు. పోసి, పైన పొడి ఇసుక చల్లేవాణ్ణి.

ఆ పువ్వు పూయకూడదు. అంతకు మించి నేనేం ఆలోచించలేదు. పువ్వు లేకపోతే రైలు ఉంటుంది. రైలు ఉంటే ఎలీసమ్మ ఉంటుంది.

జీవితంలో నేను ఒక మొక్కని కావాలని చంపింది లేదు. జీడిచెట్టు కొట్టవలసి వస్తే ముందురోజు దాని దగ్గర కాసేపు కూర్చునేవాణ్ణి. ఆ దుంప మీద నీళ్ళు పోసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. పోసి వచ్చి, నిద్రపోతున్న ఎలీసమ్మ ఎడమచేతి మీద బొటనవేలు ఆనించేవాణ్ణి. డయాలసిస్ కోసం నరాలు కలిపి కుట్టిన చోట లోపల తుమ్మెద ఉన్నట్టు జుమ్మంటూ ఉంటుంది. అది ఆడుతున్నంతసేపూ అంతా బాగున్నట్టే అని నర్సు చెప్పింది. ఆడుతూనే ఉండేది.

పక్కింటి జగ్గమ్మ ఒకసారి కంచె మీంచి చూసింది. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆమెకి తెలియకుండా మా పెరట్లో కాకి కూడా వాలదు.

"ఒరే గుంటడా! దుంపలకి ఇప్పుడు నీరేట్రా? మీ ఆడది సూసిందంటే రేపటికాణ్ణించి నీకు గెంజి కూడా పొయ్యదు."

"చెయ్యి కడుక్కుంటున్నాను."

"కుండలోనేటి?"

నేను చెంబు బోర్లించి లోపలికి నడిచాను. మాట్లాడని మనిషితో జగ్గమ్మ అయినా ఎంతసేపు పోట్లాడుతుంది?

ఫిబ్రవరి చివర ఒక గురువారం. మర్నాడు శ్రీకాకుళం వెళ్ళే రోజు. అంటే ఎలీసమ్మ ఒంట్లో రెండు రోజుల నీరు చేరి ఉంది, పాదాలు నొక్కితే గుంటపడి అలాగే ఉంటున్నాయి. నేను చెంబు నింపుకుని కుండ దగ్గరికి వెళ్ళానో లేదో జగ్గమ్మ కేక.

"ఒరేయ్, బేగి రారా! గేద పలుపు తెంపీసుకుని మీ వంగ మడిలోకే పడిపోనాది!"

చెంబు అక్కడే దింపి పరిగెత్తాను. గేదెని పట్టుకుని, రాటకి కట్టి, జగ్గమ్మ తిట్లు దానికీ నాకూ పంచుతుంటే విని, తిరిగి వచ్చేసరికి ఎలీసమ్మ మంచం మీద లేదు. పెరట్లో కుండ పక్కన చతికిలబడి ఉంది. చెంబు రెండు చేతులతో పట్టుకుని ఉంది. అది ఖాళీ.

మూతి తుడుచుకోలేదు. గెడ్డం మీంచి నీళ్ళు జాకెట్టు మీద కారుతున్నాయి. నా వైపు చూసింది. దొంగతనం చేసి దొరికిన చిన్నపిల్ల చూపు అది.

"సల్లగా ఉన్నాది మావా," అంది. "ఆగనేకపోనాను."

పొద్దు వాలే వేళకి ఆయాసం అందుకుంది. పడుకోలేదు, కూర్చోలేదు. గోడకి చేతులు ఆనించి నిలబడి, నీళ్ళలోంచి తీసిన చేపలా నోరు తెరుస్తోంది. నీళ్ళే కారణం అయినప్పుడు అలా అనకూడదేమో గానీ నేను చూసింది అదే. ఆటో అప్పలసూరి మా ఎరికలో ఎప్పుడూ నడపనంత వేగంగా నడిపాడు. కోటబొమ్మాళి దగ్గర ఎలీసమ్మ పెదాలు నీలంగా తిరిగాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. అప్పలసూరి అద్దంలో నన్ను చూసి, "మావా, ఏదోటి మాటాడుతుండు, మనిషి మనకాడే ఉంటాది," అన్నాడు. నేను తన చెయ్యి పట్టుకుని తుమ్మెద మీద వేలుంచాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఆ పూటే మిషను ఎక్కించి నీరు లాగారు. కాస్త తేరుకున్నాక నర్సమ్మ అడిగింది.

"ఎంత తాగేవమ్మా?"

"సెంబుడు."

"పెద్ద చెంబా? అంత నీరు నీకెవరిచ్చారు?"

ఎలీసమ్మ నా వైపు ఒకసారి చూసి కళ్ళు తిప్పుకుంది. "ఎవులూ ఇవ్వనేదు. పెరట్లో ఉంటే నానే తాగీసినాను."

నిద్రపోయే దుంపల దగ్గర ఆ చెంబు ఎందుకుందో అప్పుడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. ఆ రోజు నుంచి నేను ఆ కుండలో నీళ్ళు పోయడం మానేశాను. కానీ అడుగున బిరడా తియ్యలేదు. ఎందుకు తియ్యలేదంటే ఇప్పటికీ చెప్పలేను. తీస్తే చేసింది ఒప్పుకున్నట్టు అవుతుందని కాబోలు.

*

ఆ ఏడు, రెండువేల పదిహేడులో, ఈస్టరు ఏప్రిల్ పదహారున పడింది. ఏడు ఆదివారాల ముందు, అంటే ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే, గుడి నుంచి వచ్చి కుండలన్నీ నిలబెట్టించింది. ఎరువు కలిపిన మట్టి పైన వేయించి, తలా ఒక చెంబు నీళ్ళు పోయించింది. తన కుండ దగ్గరికి వచ్చేసరికి చెంబు నా చేతిలోంచి తీసుకుని తనే పోసింది. నెమ్మదిగా, చుట్టూ, మెడ తడవకుండా. నీళ్ళు ఇసుకలోకి దిగుతుంటే ఆ చప్పుడు విని గుటక వేసింది.

మూడో వారానికి ముక్కులు లేచాయి. దుంప మెడలోంచి చిలక ముక్కులా ఆకుపచ్చగా పొడుచుకొస్తుంది మొగ్గ. ముందు దానియేలు, తర్వాత సంతోషమ్మ, ఆ వెనక ఒక్కరోజే ఆరుగురు. ఎలీసమ్మ ప్రతిరోజూ పొద్దున్న పేరుపేరునా పలకరించేది. "ఒసే రాహేలూ, లేసినావా? ఎప్పుడూ నువ్వే ఆలీసం." ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి ఇరవైరెండు కాడలూ బెత్తెడు పొడుగున నిలబడ్డాయి.

పేరు రాయని కుండలో ఏమీ లేవలేదు.

మొదట్లో, "కొత్త మట్టి కాదా, టయిం పడతాది," అంది. తర్వాత ఏమీ అనడం మానేసింది. పొద్దున్నే వెళ్ళి దాని ముందు కూర్చునేది. వేలితో మెడ చుట్టూ ఇసుక తడిమేది. జగ్గమ్మ కంచె మీంచి, "ఒసే ఎలీసా, గుడ్లెట్టే కోడినైనా అంతసేపు సూడరే," అంటే మునుపటిలా నవ్వలేదు. అన్నం తగ్గించింది. నాలుగో గ్లాసు నీళ్ళు కొన్నిరోజులు ముట్టకుండానే పారబోసేది. అది నాకు అన్నిటికన్నా భయం వేసింది. దాహం కూడా వద్దనుకునే మనిషి ఇంక దేనికోసం ఆగుతుంది?

పువ్వు లేకపోతే రైలుంటుందని అనుకున్నాను కదా. రైలయితే ఉంది.

గుడ్ ఫ్రైడే శుక్రవారమే గదా, శ్రీకాకుళం వెళ్ళవలసిన రోజు. ఊరంతా గుళ్ళో ఉపవాసం కూర్చునే వేళకి మేము పాసింజర్లో ఉన్నాం. తిరుమలరావు కూర్చునే సీటు దొరికింది. దండుగోపాలపురం దాకా ఏమీ మాట్లాడలేదు.

"అందరికీ వొచ్చింది మావా," అంది తర్వాత, కిటికీలోంచి చూస్తూ. "దానియేలుకి వొచ్చింది. తాగి తాగి సచ్చిపోనాడు పుల్లయ్య మేస్త్రి, ఆడికీ వొచ్చింది. రెండు కాడలు. ముప్పయ్యేళ్ళు అందరి పువ్వులూ నానే పెంచినాను. నా ఒక్కదానికే రానేదు."

నేను ఎదుటి బల్ల వైపు చూస్తున్నాను.

"దేవుడికి నా పువ్వు అక్కర్నేదు కాబోలు. ఏటి తప్పు సేసినానో తెలవదు. సావడానికైనా మంచిగా సద్దుకుందామంటే, అదీ వొద్దంటన్నాడు." గొంతు పెంచలేదు. ఏడవలేదు. ఆ ఒంట్లో కన్నీళ్ళకి కూడా నీళ్ళు లెక్కే కాబోలు. "ఇదే ఆకరు మావా. పువ్వు వొచ్చినా రాకపోయినా మంగళోరం నన్ను లేపకు."

కోటబొమ్మాళి దాటింది. తిలారు దాటింది. ఊర్లాం దాటింది. చేసింది నేనేనని చెప్పేద్దామని ప్రతి స్టేషనులోనూ అనుకున్నాను. ఆమదాలవలసలో దిగి, తన సంచీ భుజాన వేసుకుని, తన చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాను. ఆ మాట అలాగే ఉండిపోయింది.

*

శనివారం సాయంత్రం పిల్లలు, ఆడవాళ్ళు వచ్చి కుండలకి కొత్తగా సున్నం పేర్లు దిద్దుకుని వెళ్ళారు. పెరడంతా ఎర్రగా ఉంది. గంటలన్నీ విచ్చాయి. ఎలీసమ్మ సావిడి అరుగు మీద గోడకి చేరబడి చూస్తోంది. అందరూ వెళ్ళాక నేను ఆ కుండ తెచ్చి తన ముందు పెట్టాను.

"తిరగెయ్యి," అన్నాను.

"ఏటి?"

"కుండ. తిరగేసి అడుగు చూడు."

ఒళ్ళోకి ఒరిగించుకుని అడుగున చెయ్యి పెట్టింది. తను కొట్టిన చిల్లు తనకి తెలుసు. వేలు అక్కడ ఆగింది. గోటితో గీకింది. ఎండి రాయయిన బంకమట్టి పెళ్ళలు ఊడి, పీచు బయటికి వచ్చింది. లాగింది. నల్లటి నీళ్ళు బొటబొటా కారి చీర మీద పడ్డాయి. కుళ్ళిన ఉల్లి వాసన అరుగంతా అలుముకుంది.

ఆ పీచుముద్దని చేతిలో తిప్పి చూసింది.

"గట్టు కట్టినట్టు కట్టినావు," అంది.

"ఊఁ."

"ఎప్పుడు?"

"జనవరిలో. నువ్వు నాటిన వారానికి."

"మరి ఆ సెంబుడు నీరు..."

"దీనికే తెచ్చాను."

తల ఊపింది. సరుగుడు తోట మీంచి గాలి వచ్చి పూలన్నీ ఒకవైపు ఒరిగి మళ్ళీ లేచాయి. తను తిడుతుందని చూశాను. కొడుతుందేమోనని కూడా చూశాను, కొడితే బాగుండేది.

"మరైతే ఆయన కాదు," అంది నెమ్మదిగా. "నువ్వన్నమాట."

"నేనే."

"ఆయన కాదు," అని మళ్ళీ అంది, తనలో తను. పీచుముద్ద పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాలుగో గ్లాసు పారబోయలేదు. తాగిన చప్పుడు నాకు వినబడింది.

ఈస్టరు ఉదయం ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే కుండలు కదిలాయి. ఎవరిది వాళ్ళ తల మీద, చంకన, సైకిలు వెనక. తోవంతా పాటలు. అప్పలసూరి ఎలీసమ్మని సమాధుల దాకా ఆటోలో దింపాడు. సముద్రం మీద ఎండ పడే వేళకి ఇరవైరెండు సమాధుల మీద ఎర్రగా పూలు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ తను ఇసుకలో కూర్చుని, కళ్ళు మూసుకోకుండా, ఆ పూలనే చూసింది. నేను వెనక నిలబడి తననే చూశాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక పిలిచింది. "కత్తి నిప్పుల మీద కాల్సి పట్రా. బూడిద కూడా."

దుంప అప్పటికే తవ్వి ముందు పెట్టుకుంది. పైన ఒక పక్క అంతా గోధుమరంగు చీము. మెత్తగా ఉన్నదంతా కోసి పారేసింది, ఇంకా కోసింది, ఇంకా. నాకు చూడబుద్ధి కాలేదు. చివరికి కోడిగుడ్డంత ముక్క మిగిలింది. తెల్లగా, గట్టిగా, అడుగున వేళ్ళ గడ్డ కొంచెం అంటుకుని. దాన్ని నిలువునా అయిదు చీలికలు చేసింది. ప్రతి చీలికకీ ఆ అడుగు గడ్డ కాస్త ఉండేటట్టు. బూడిదలో దొర్లించి అదే కుండలో, కొత్త ఇసుకలో, ఒక్కొక్కటీ నిలబెట్టి గుచ్చింది. చిల్లులోంచి వేలు దూర్చి శుభ్రంగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.

"బతుకుతాయా?" అన్నాను.

"అయిదుట్లో ఒకటి బతికినా సాలు."

"పువ్వు?"

"పువ్వా! ఈ సీలిక పిల్ల పెట్టాల. పిల్ల దుంపవ్వాల. మూడేళ్ళు. నాలుగూ పడతాది."

నేను చేతులు నేలకి ఆనించి కూర్చున్నాను.

"నువ్వన్నావు," అన్నాను.

"ఏటన్నాను?"

"అది పూసేదాకా వస్తానన్నావు."

కత్తి చేతిలో ఉంది. బూడిద వేళ్ళతో అలాగే నావైపు తిరిగింది. పెదవి ఒక పక్క కొంచెం కదిలింది. అది నవ్వని నేను ప్రమాణం చెయ్యలేను.

"దొంగ మొగమా," అంది. "నోరు తెరవని మనిసివి. నాను ఇన్నేళ్ళలో సెప్పిన మాటలన్నీ గాలికొగ్గీసి ఇదొక్కటీ గుర్తెట్టుకున్నావు."

కత్తి నా వైపు తోసింది, కడిగి పెట్టమని. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

సోమవారం అంతా కుండలు తిరిగి వస్తూనే ఉన్నాయి. మంగళవారం నన్ను లేపకు అన్న మాట ఆ రోజంతా నా వెనకాలే తిరిగింది. లేపాలా, మానాలా? లేపితే రాననే హక్కు తనకుంది. నేను చేసినదానికి అడిగే హక్కు నాకు లేదు. ఆలోచిస్తూనే తెల్లారగట్ల కళ్ళు మూతపడ్డాయి.

మెలకువ వచ్చేసరికి పక్క మంచం ఖాళీ. దుప్పటి విసిరేసి పెరట్లోకి వచ్చాను.

తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఆసుపత్రి సంచీ ఒళ్ళో పెట్టుకుని కుండ పక్కన కూర్చుని ఉంది. బుగ్గన లవంగం. వేలు ఇసుకలో గుచ్చి తడి చూస్తోంది.

"లేసినావా? బండెల్లిపోతాది, మొగం కడుక్కో." వేలు తీసి చీరకి తుడుచుకుంది. లేవడానికి చెయ్యి చాపింది. పట్టుకున్నాను. నా బొటనవేలి కింద తుమ్మెద ఆడుతోంది.

కంచె అవతల జగ్గమ్మ గేదెకి కుడితి పెడుతోంది. ఎలీసమ్మ గుమ్మం దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగి, నావైపు చూసి కుండ వైపు వేలు చూపించింది.

"దాని జోలికెల్లకు. నీ సెయ్యి మంచిది కాదు. సాయంత్రం నానొచ్చి పోస్తాను."